ఆటలో దెబ్బ, ఆట ఆగాక దెబ్బ: కొన్ని అపోహలు, వాస్తవాలు

"మేడం, మావోడి చెయ్యి ఇరగ్గొట్టినాడు. వాళ్ల నాయన్ని లోపలేయించాల." తిరుపతి కోర్టు ఆవరణలో నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల మొదటి మాట దాదాపు ఇదే. పిల్లల కేసులు చూసే లాయరుగా నేను ముందు అడిగేది ఒక్కటే: దెబ్బ తగిలేసరికి ఆట నడుస్తోందా, ఆగిపోయిందా?

అపోహ: ఎముక విరిగితే చాలు, క్రిమినల్ కేసే.

వాస్తవం: పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ లెక్కన ఎముక విరిగినా, పన్ను విరిగినా తీవ్ర గాయమే. అయితే గాయం పెద్దదైనంత మాత్రాన నేరమైపోదు. దెబ్బ తగలాలన్న ఉద్దేశమో, తగులుతుందన్న ఎరుకో కొట్టినవాడికి ఉండాలి. కూతకొచ్చినవాణ్ని నలుగురు పట్టి పడేస్తేనే కబడ్డీ. ఆ పడటంలో మోచెయ్యి విరిగితే అది ప్రమాదం. అదే విజిల్ పడి, అందరూ కుళాయి దగ్గరికి పోయాక, ఒకడు వెనకనుంచి వచ్చి ఇటుకముక్కతో కొట్టాడనుకోండి. రెండు కుట్లే పడినా అది ఆట కాదు. ఇద్దరు చేతులు పట్టుకుని మూడోవాడు కొట్టినా అంతే. "చాల్రా, వదలండ్రా" అని ఏడుస్తున్నా వదలకపోతే, రోజూ అదే పిల్లాడు కిందపడుతుంటే, "ఏదో ఆడుకుంటా ఉండారులే" అన్న మాట నేను నమ్మను.

అపోహ: చిన్నపిల్లలు కదా, చట్టం వాళ్ల జోలికి రాదు.

వాస్తవం: ఏడేళ్లలోపైతే నిజంగానే రాదు. 7 నుంచి 12 మధ్య, తాను చేసేదాని ఫలితం తెలిసేంత బుద్ధి ఆ పిల్లాడికి ఉందా లేదా అని చూస్తారు. 12 దాటాక ఆ వెసులుబాటు లేదు. కాకపోతే 18 నిండేదాకా వ్యవహారం పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకే వెళ్తుంది, లాకప్‌లో పెట్టడానికి వీల్లేదు. మామూలు కొట్లాటకు ఎఫ్ఐఆర్ కూడా కట్టరు. స్టేషన్‌లో ఉండే జనరల్ డైరీలో రాసి, పిల్లాడి ఇంటి పరిస్థితుల మీద నివేదిక బోర్డుకు పంపుతారు.

మరి "వాళ్ల నాయన్ని లోపలేయడం"? కొడుకు కొట్టినందుకు తండ్రి జైలుకు పోడు. తండ్రే గేటు దగ్గర కాపుకాసి ఎదుటి పిల్లాడి చెంప పగలగొడితే మాత్రం పోవచ్చు. పెద్దలు దిగాకే ముదిరిన కేసులు నా బీరువాలో చాలానే ఉన్నాయి.

అపోహ: కట్టు కట్టించేశాం, కేసు సంగతి నిదానంగా చూసుకోవచ్చు.

వాస్తవం: మన వైపు ఎముక విరిగితే ఆటో నాటుకట్టుకు పుత్తూరు దారే పడుతుంది. పుత్తూరు కట్టు మంచిచెడ్డల జోలికి నేను పోను, మా ఇంట్లోనే ఇద్దరు కట్టించుకున్నారు. కానీ కేసు పెట్టే ఆలోచన ఏ మూల ఉన్నా, ముందు రుయాకో మరో ఆసుపత్రికో వెళ్లండి. ఎలా తగిలిందో, ఎవరు కొట్టారో ఉన్నదున్నట్టు చెప్పి మెడికో లీగల్ కేసుగా (అంటే పోలీసులకు తెలియజేసే గాయంగా) రాయించండి, ఎక్స్‌రే తీయించండి. స్కూలు కెమెరా రికార్డు భద్రపరచమని అదే రోజు రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి. ఒకాయన నేరుగా కట్టుకు తీసుకెళ్లి, నెల దాటాక నా దగ్గరికొచ్చాడు. ఎక్స్‌రే లేదు, డాక్టరు గాయం గురించి రాసిచ్చే వూండ్ సర్టిఫికెట్ లేదు, కెమెరాలో పాత దృశ్యాలు చెరిగిపోయాయి. పిల్లాడి చెయ్యి అతికింది గానీ కేసు అతకలేదు.

అపోహ: "గాయాలైతే మాది పూచీ కాదు" అన్న కాగితం మీద సంతకం పెట్టాం, ఇక స్కూలును ఏమీ అనలేం.

వాస్తవం: ఆ సంతకంతో నేర బాధ్యత మాఫీ కాదు. ఉయ్యాల కింద ఇసుకకు బదులు సిమెంటు, తుప్పుపట్టి ఊగే జారుడుబల్ల, వందమందిని వదిలేసి ఫోన్లో మునిగిన పీఈటీ... ఇవి నిర్లక్ష్యం కిందికొస్తాయి. ఇతరుల భద్రతకు ముప్పు తెచ్చే నిర్లక్ష్యానికి న్యాయ సంహితలో 125వ సెక్షన్ ఉంది, సివిల్ కోర్టులో పరిహారమూ అడగొచ్చు. ఆడుతూ తన్నుకున్న పిల్లల్ని విడదీసి, ఇద్దర్నీ బెత్తంతో బాదే టీచర్ల గురించీ ఒక మాట: విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దాన్ని ఎప్పుడో నిషేధించింది.

అపోహ: కొట్టినవాడి ఫొటో క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడితే బుద్ధొస్తుంది.

వాస్తవం: చిక్కుల్లో పడేది పెట్టినవాళ్లే. కేసులో ఉన్న పిల్లల పేరు, ఫొటో, స్కూలు బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరునెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కొట్టినవాడికే కాదు, దెబ్బ తిన్న పిల్లాడికీ ఇదే రక్షణ. అందుకే కట్టుతో ఉన్న కొడుకు ఫొటో స్టేటస్‌గా పెట్టుకుని వచ్చిన వాళ్లను కూర్చోబెట్టి, ముందు అది తీసేయమంటాను. ఫీజు మాట తర్వాత.