సిగ్నల్ పోతే క్రేన్ ఆగాలి, ఆ పని వైరింగ్‌దే

క్రేన్‌కి రేడియో రిమోట్ పెడదాం అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే, పక్క షెడ్డులో ఎవడో రిమోట్ నొక్కితే మన హుక్కు కదిలిపోదా అని. కదలదు. ప్రతి ట్రాన్స్‌మిటర్‌కి (అంటే చేతిలోని రిమోట్‌కి) సొంత అడ్రస్ కోడ్ ఉంటుంది, 20 బిట్లే అనుకున్నా పది లక్షల పైచిలుకు కోడ్‌లు, దానికి తోడు ప్రతి మెసేజ్‌లో ఒక చెకింగ్ లెక్క ఉంటుంది, అది తేడా కొడితే క్రేన్ మీదుండే రిసీవర్ ఆ మెసేజ్‌ని పట్టించుకోదు. భయమేదైనా ఉంటే అది రిసీవర్ డబ్బాలోంచి క్రేన్ కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లే వైర్లతోనే. డబ్బా మీద స్టాప్ ఫంక్షన్‌కి పీఎల్-డి అనో పీఎల్-ఈ అనో రాసుంటుంది (ఐఎస్ఓ 13849 లెక్కలో నమ్మకానికిచ్చే గ్రేడ్లు అవి), కానీ ఆ గ్రేడ్ టెర్మినల్ దాకానే, అక్కడ్నుంచి అవతల అంతా మనం చేసిందే.

రిమోట్ మీద ఎర్ర బటన్ నొక్కితే "ఆగు" అనే సిగ్నల్ వెళ్తుందని చాలామంది అనుకుంటారు. వెళ్తుంది, కాదనట్లేదు, కానీ దాన్నే నమ్ముకుంటే బ్యాటరీ అయిపోయిన రోజు ఎలా? అందుకే లెక్క తిరగేశారు. ట్రాన్స్‌మిటర్ ఆన్‌లో ఉన్నంతసేపూ సెకనుకి చాలాసార్లు "ఉన్నా, ఉన్నా" అని చెప్తూనే ఉంటుంది, ఆ మాట కాసేపు వినపడకపోతే, క్రేన్లలో మామూలుగా అర సెకను నుంచి రెండు సెకన్ల లోపు, రిసీవర్ తన స్టాప్ రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) వదిలేస్తుంది, అంటే లైను తెగిపోతుంది. బ్యాటరీ పోయినా, రిమోట్ కిందపడి పగిలినా, ఆపరేటర్ దూరంగా నడిచి వెళ్లిపోయినా అదే జరుగుతుంది. ఆ రిలేలు కూడా రెండు పెడతారు, సీరీస్‌లో. ఒకదాని కాంటాక్ట్ అతుక్కుపోతే రెండోది తెంపుతుంది, మంచి రిసీవరైతే అతుక్కున్న సంగతి కనిపెట్టి మళ్లీ స్టార్ట్ అవనివ్వదు కూడా.

ఈ స్టాప్ కాంటాక్ట్ వెళ్లాల్సింది మెయిన్ కాంటాక్టర్ కాయిల్‌కి, అంటే అన్ని మోటార్లకీ కరెంటు ఇచ్చే పెద్దదానికి. కాంటాక్టర్ అంటే పెద్ద రిలేనే, దాని కాయిల్‌కి కరెంటిస్తే లాగి కలుపుతుంది, తీస్తే వదిలి తెంపుతుంది. కొందరేం చేస్తారంటే పైకి, కిందికి, ముందుకి, వెనక్కి ఫంక్షన్ రిలేలు మాత్రం కలిపేసి స్టాప్ టెర్మినల్స్ ఖాళీగా వదిలేస్తారు. మెషిన్ బ్రహ్మాండంగా నడుస్తుంది, చిక్కంతా అదే, తప్పు వైరింగ్ కూడా రోజూ బానే నడుస్తుంది. ఏదో ఒక రోజు "పైకి" కాంటాక్టర్ అతుక్కుంటుంది, ఎర్ర బటన్ ఎంత నొక్కినా తెంపడానికి వెనకాల ఏమీ ఉండదు. పెండెంట్ (క్రేన్ నుంచి వైరుతో వేలాడే బటన్ల డబ్బా) మీదా క్యాబిన్‌లోనూ ఉన్న ఎమర్జెన్సీ బటన్లు కూడా ఇదే లైన్లో సీరీస్‌గా రావాలి, రేడియో/పెండెంట్ సెలెక్టర్ స్విచ్ ఎటు తిప్పినా అవి పని చెయ్యాల్సిందే. వైర్‌లెస్ స్టాప్ ఒక్కటే దిక్కు కాకూడదని మెషిన్ల ఎలక్ట్రికల్ భద్రత ప్రమాణం ఐఈసీ 60204-1 కూడా చెప్తుంది.

రిసీవర్‌కి సప్లై మెయిన్ కాంటాక్టర్‌కి ముందు నుంచి, విడి ఫ్యూజ్‌తో తీసుకోవాలి. తర్వాత నుంచి తీస్తే కాంటాక్టర్ లాగాలంటే రిసీవర్ కావాలి, రిసీవర్ వెలగాలంటే కాంటాక్టర్ కావాలి, విసుగొచ్చి ఎవరో ఒకరు కాంటాక్టర్‌కి లూప్ వేసేస్తారు (రిసీవర్‌ని తప్పించి నేరుగా వైరు), అక్కడితో స్టాప్ కథ అయిపోయినట్టే.

ఇప్పుడు ప్రాణాలతో ముడిపడ్డ సంగతి, వైర్ ఏ పక్కన వేశామన్నది. 110 వోల్టుల కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ అనుకోండి, ఔట్‌పుట్‌లో ఒక కొస ఎర్త్ చేసి ఉంటుంది, రెండో కొసకి ఫ్యూజ్. కాయిల్ ఒక చివర (మనం ఏ2 అంటాం) నేరుగా ఎర్త్ కొసకి పోవాలి. రిలేలు, లిమిట్ స్విచ్‌లు, స్టాప్ బటన్లు అన్నీ ఫ్యూజ్ వైపే ఉండాలి. అప్పుడు రిలేకీ కాయిల్‌కీ మధ్య వైరు ఇనుప అంచుకి ఒరుసుకుని బాడీకి తగిలినా కాయిల్ రెండు చివర్లూ ఎర్త్‌లోనే ఉంటాయి, ఏమీ కదలదు, రిలే మూసుకున్న క్షణంలో ఫ్యూజ్ కొట్టేస్తుంది. అదే రిలేని ఏ2 వైపు పెట్టారనుకోండి, కాయిల్ ఒక చివర ఎప్పుడూ లైవ్, రెండో చివర వైరు బాడీకి తగిలిందంటే సర్క్యూట్ అక్కడే పూర్తయిపోతుంది. రిలే తెరుచుకునే ఉంది, రిమోట్ ఆఫ్‌లో ఎవరి జేబులోనో ఉంది, కానీ హాయిస్ట్ (బరువు ఎత్తే మోటారు) లాగేస్తుంది. ఇంకేదో ఫాల్ట్ వెతుకుతూ ఇలాంటి ప్యానెల్ ఒకటి నేనే చూశా, ఏళ్ల తరబడి "బాగా నడుస్తున్న" ప్యానెల్ అది.

రిలే మీద 8 యాంపియర్లు అని ఉందని మురిసిపోవద్దు, అది హీటర్‌లాంటి లోడ్‌కి. కాయిల్ వేరే రకం, తెంపిన క్షణంలో పెద్ద వోల్టేజ్ ఎదురు కొడుతుంది, కాంటాక్ట్‌ల మధ్య నిప్పు లేస్తుంది, అతుక్కోవడం మొదలయ్యేది అక్కడే. కాబట్టి ఏసీ-15, డీసీ-13 (ఏసీ, డీసీ కాయిల్ లోడ్లకిచ్చే రేటింగ్‌లు) కింద ఎంత రాశారో చూడాలి. ఆ వోల్టేజ్‌ని అణచడానికి ఏసీ కాయిల్ మీద ఆర్‌సీ స్నబ్బర్ (రెసిస్టర్, కెపాసిటర్ జత), డీసీ కాయిల్ మీద డయోడ్ (దీంతో కాంటాక్టర్ కాస్త ఆలస్యంగా వదులుతుంది, గుర్తుంచుకోండి). స్నబ్బర్‌ని కాయిల్ మీద కాకుండా రిలే కాంటాక్ట్ మీద పెడితే మాత్రం తమాషా చూడాలి, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ 230 వోల్టులు, 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 7 మిల్లీయాంపియర్లు లీక్ చేస్తుంది, రిలే తెరిచినా ఆ కాస్త కరెంటుతోనే కొన్ని చిన్న కాయిల్స్ వదలకుండా పట్టుకునే ఉంటాయి.

పైకి, కిందికి కాంటాక్టర్లకి ఒకదానికొకటి ఎలక్ట్రికల్ ఇంటర్‌లాక్, మెకానికల్ ఇంటర్‌లాక్ (ఒకటి లాగితే రెండోది లాగకుండా అడ్డు) రెండూ ఉండాలి, రెండూ ఒకేసారి లాగితే ఫేజ్‌లు షార్ట్.

యాంటెన్నా సంగతి చిన్నదే అనిపిస్తుంది గానీ కాదు. 433 మెగాహెర్ట్జ్‌లో తరంగం పొడవు సుమారు 69 సెంటీమీటర్లు, యాంటెన్నా అందులో పావు, అంటే 17 సెంటీమీటర్ల పుల్ల. దాన్ని ఇనుప ప్యానెల్ లోపల పెట్టి తలుపేస్తే సరిగా వినపడదు, క్రేన్ మాటిమాటికీ ఆగుతుంది. ఆగడం ప్రమాదం కాదు, కానీ పనివాళ్లకి ఓపిక నశించి స్టాప్‌ని బైపాస్ చేయిస్తారే, అది ప్రమాదం.

వైరింగ్ అంతా ఐసొలేటర్ (మెయిన్ సప్లై స్విచ్) ఆఫ్ చేసి తాళం వేశాకే. అయ్యాక లోడ్ లేకుండా, కింద మనుషులు లేకుండా హుక్కుని కదిలిస్తూ రిమోట్‌లోంచి బ్యాటరీ ఊడపీకండి. హుక్కు ఆగిందని సంబరపడొద్దు, ఫంక్షన్ రిలే వదిలినా ఆగుతుంది. ప్యానెల్ దగ్గర నిలబడ్డ మనిషిని పెద్ద కాంటాక్టర్ ఠక్కున పడిన చప్పుడు వినపడిందా అని అడగండి. వినపడలేదంటే బ్యాటరీ జేబులోనే ఉంచుకుని మళ్లీ స్టాప్ టెర్మినల్స్ దగ్గర్నుంచి వెతకడం మొదలుపెట్టాలి.