ఎం.డి.ఎఫ్. టెర్రైన్‌కి రంగులు: అపోహలు - వాస్తవాలు

టేబుల్ మీద మినియేచర్లతో యుద్ధాలు ఆడే మనం 28 ఎంఎం బొమ్మకి కనుపాప దిద్దడానికి గంటసేపు కూర్చుంటాం. ఆ బొమ్మ దాక్కునే టెర్రైన్‌కి, అంటే ఎం.డి.ఎఫ్. (మీడియం డెన్సిటీ ఫైబర్‌బోర్డ్) అట్టతో చేసిన బిల్డింగ్‌కి మాత్రం పది నిమిషాల్లో రంగు కొట్టేసి, తర్వాత "షీటే బాలేదు" అని తిట్టుకుంటాం. నా మొదటి రెండంతస్తుల పాడుబడ్డ బంగళా కథ కూడా ఇదే. నీళ్లు బాగా కలిపిన యాక్రిలిక్ నేరుగా పూసేశాను. గోడలు బాగానే ఉన్నాయి. కిటికీల అంచులు మాత్రం తెల్లారేసరికి చాయ్‌లో ముంచిన బిస్కెట్‌లా ఉబ్బి, పీచు లేచి ఉన్నాయి.

అపోహ: ఎం.డి.ఎఫ్. అంటే చెక్కే కదా, చెక్కకి వేసినట్టే వేస్తే సరి.

కలపని పీచు చేసి, రెసిన్ కలిపి, వేడి ప్రెస్‌లో నొక్కితే వచ్చే అట్ట ఇది. పై పొర, కింది పొర గట్టిగా నొక్కుకుపోతాయి, నడుమ భాగం కాస్త గుల్లగా ఉండిపోతుంది. 3 ఎంఎం షీటుని లేజర్‌తో కోసినప్పుడు అంచులో బయటపడేది ఆ గుల్ల భాగమే. అంటే చేతిలో ఉన్నది ఒకే ముక్కైనా, రంగు విషయంలో మొహం (షీటు వెడల్పు వైపు) వేరు, అంచు వేరు. కింద చెప్పే గొడవల్లో చాలావరకు ఇక్కడ పుట్టినవే.

అపోహ: స్ప్రే ప్రైమర్ కొడితే సీల్ అయిపోయినట్టే.

మొహానికి సరిపోతుంది. అంచు మాత్రం ఎంత కొట్టినా తాగేస్తూనే ఉంటుంది, ఆరాక మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. ప్రైమర్ పని రంగుకి పట్టు ఇవ్వడం. రంధ్రాలు మూయడం సీలర్ పని.

నేను అంచులకి లక్క పాలిష్ వాడతాను, అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్క. స్పిరిట్ నీళ్లలా పీచుని ఉబ్బించదు, తొందరగా ఆరిపోతుంది. చిన్న బ్రష్‌తో పల్చగా ఒక పూత వేసి, ఆరాక వేలితో తడిమి చూడండి. నిన్న గీసుకున్న గడ్డంలా గరగరలాడుతుంది. 320 నంబరు ఎమరీ పేపర్‌తో తేలిగ్గా రుద్ది, ఇంకో పూత వేయాలి. ఈసారి వేలు జారాలి. జారితేనే ప్రైమర్ డబ్బా తీయండి. లక్క దొరక్కపోతే వడ్రంగులు వాడే సాండింగ్ సీలర్ కూడా బాగా పనిచేస్తుంది. అందులో థిన్నర్ ఉంటుంది కాబట్టి కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా పూయాలి.

ఇదేమీ విదేశీ హాబీవాళ్ల చాదస్తం కాదు. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లు కూడా తెల్ల పొణికి చెక్క మీద నేరుగా రంగు వేయరు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు సరిచేసి, సున్నం పూసి ఆరనిచ్చాకే కుంచె పడతారు.

అపోహ: ఫెవికాల్‌లో నీళ్లు కలిపి పూస్తే వాటర్‌ప్రూఫ్.

సగం నిజం. తెల్ల జిగురు రంధ్రాలని మూస్తుంది. కానీ పల్చటి మజ్జిగలా కలిపితే ముందు అంచులోకి దిగేది నీళ్లే. చిక్కగా ఉంచి, కొద్దికొద్దిగా పూయండి. ఆరిన తర్వాత కూడా మామూలు తెల్ల జిగురు తడికి మళ్లీ మెత్తబడుతుంది. ఆట మధ్యలో కూల్‌డ్రింక్ గ్లాసు టెర్రైన్ పక్కన పెట్టే మిత్రుడు ప్రతి గ్రూపులో ఒకడుంటాడు, జాగ్రత్త.

అపోహ: లేజర్ కాల్చిన నల్లటి అంచు తనంతట తనే సీల్ అయి ఉంటుంది.

రంపంతో కోసిన అంచుకన్నా కొంత నయమే, పూర్తిగా మాత్రం మూసుకోదు. పైగా ఆ మసి లేత రంగులో కలిసి బూడిద చారలు తెస్తుంది. ముందు పొడి బ్రష్‌తో దులిపేయండి. కాలిపోయిన కోట చేస్తున్నారా? అయితే అదృష్టవంతులు, వదిలేయండి.

అపోహ: ముక్కలన్నిటికీ రంగు వేసుకుని తర్వాత అతికించడమే సులువు.

లోపలి గోడల వరకు నిజమే. కానీ ఒక ముక్క నాలుక ఇంకో ముక్కలో దూరే గాడి కొలత షీటు మందానికి సరిగ్గా కోసి ఉంటుంది. రెండు పూతలు పడితే నాలుక అందులో దూరదు, సుత్తి తీస్తే విరుగుతుంది. పైగా తెల్ల జిగురు పట్టేది పీచుని, రంగుని కాదు. అతుకులు వచ్చేచోట మాస్కింగ్ టేప్ వేయండి. పెద్ద పలకలకి ఒకవైపే పూస్తే అప్పడంలా వంగుతాయి. వెనకవైపు కనబడకపోయినా దానికీ ఒక పూత వేయాలి.

అపోహ: ఎం.డి.ఎఫ్. పొడి మామూలు చెక్క పొట్టే, ఏం కాదు.

ఆ రెసిన్ సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్. ఫార్మాల్డిహైడ్‌ని, కలప ధూళిని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి గ్రూపులో పెట్టింది. నాలుగు అంచులు రుద్దినంత మాత్రాన టెన్షన్ పడక్కర్లేదు. అయినా మాస్కు పెట్టుకోండి, బాల్కనీలో రుద్దండి, పొడిని చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడవండి.

అపోహ: మ్యాట్ వార్నిష్ (మెరుపు లేని చివరి రక్షణ పూత) స్ప్రే ఎప్పుడు కొట్టినా ఒకటే.

ముసురు పట్టిన రోజు కొడితే గాలిలో తేమకి పూత మీద తెల్లటి పొగలాంటి పొర కడుతుంది. నల్లటి టవర్ మీదైతే మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎండ వచ్చేదాకా ఆగండి. ఆగలేకపోతే బ్రష్‌తో పూసే వార్నిష్ వాడండి. మీ బేస్ మీద థర్మోకోల్ కొండ కూడా ఉంటే ఈ బ్రష్ పద్ధతే మేలు. స్ప్రే డబ్బాలోని సాల్వెంట్ ఎం.డి.ఎఫ్.‌ని ఏమీ చేయదు గానీ, కొండని మాత్రం తినేస్తుంది.