స్కాట్ టీంలో సిమ్లా ఆఫీసాయన

కెప్టెన్ స్కాట్ సౌత్ పోల్ దాకా వెళ్ళి 1912లో తిరుగు దారిలో చనిపోయిన సంగతి చాలామందికి తెలుసు, కానీ ఆ టీంలో వాతావరణం సంగతి చూసినాయన మన సిమ్లాలో ఇండియా మెటిరలాజికల్ డిపార్ట్‌మెంట్ ఉద్యోగి అని మాత్రం ఎవరూ చెప్పరు. పేరు జార్జ్ సింప్సన్. 1878లో ఇంగ్లండ్‌లో డెర్బీలో పుట్టాడు. స్కాట్ అంతకుముందు 1901లో వెళ్ళినప్పుడే ఈయన కూడా అప్లై చేశాడు, మెడికల్ టెస్టులో పోయింది.

1906లో సిమ్లా వచ్చాడు. అక్కడి వానల్లో చినుకులు ఎంత కరెంటు మోస్తున్నాయో కొలుస్తూ కూచున్నాడు, పెద్ద చినుకు గాలి దెబ్బకి పగిలితే నీటికి పాజిటివ్, గాలికి నెగటివ్ ఛార్జ్ వస్తుందని తేల్చి, పిడుగులకి కారణం అదేనని 1909లో రాశాడు. పిడుగు కథ అంత సింపుల్ కాదని తర్వాత తేలిందనుకోండి, అది వేరే గొడవ.

1910లో స్కాట్‌తో బయల్దేరాడు. అంటార్కిటికాలో రాస్ దీవి మీద కేప్ ఎవాన్స్ దగ్గర వేసిన చెక్క ఇంట్లో ఒక మూలంతా ఈయన పరికరాలే. నాకు బాగా నచ్చింది బెలూన్ల పని. చిన్న హైడ్రోజన్ బెలూన్‌కి టెంపరేచర్ రాసుకునే బుల్లి పరికరం కట్టి, దానికి మైళ్ళ పొడవు సన్నటి సిల్కు దారం తగిలించి వదిలేవాడు, పైకెళ్ళాక నిదానంగా కాలే ఒత్తి ఒకటి కట్టు తెంపేది, పరికరం ఎక్కడో మంచులో పడేది, ఇక ఆ దారం పట్టుకుని నడుచుకుంటూ పోయి వెతుక్కోవడమే. ఆ చలిలో, ఆ మసక వెలుతురులో!

చలికాలంలో అక్కడ నేల దగ్గర గాలి కన్నా పైన గాలే వెచ్చగా ఉంటుంది. ఎండ లేదు, మంచు తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ ఉంటుంది, చల్లబడ్డ గాలి బరువెక్కి కిందే పేరుకుంటుంది. గట్టిగా గాలి వీస్తే పైదీ కిందదీ కలిసిపోయి నేల దగ్గర చలి కాస్త తగ్గుతుంది, గాలి ఆగిపోయిందా, ఇక పాతాళమే.

1912 మార్చిలో తిరిగొస్తున్న స్కాట్ వాళ్ళకి సరిగ్గా అదే జరిగింది. రాస్ ఐస్ షెల్ఫ్ (సముద్రం మీద తేలే పెద్ద మంచు పలక) మీద పగలు మైనస్ 34, రాత్రి మైనస్ 44 డిగ్రీలని స్కాట్ చివర్లో రాశాడు, ఈ సీజన్లో ఇంత చలి ఎవరూ ఊహించరని కూడా. గాలి లేకపోతే స్లెడ్జికి (మంచు మీద లాగే బండికి) తెరచాప కట్టినా లాభం లేదు. పైగా మామూలుగా రాపిడికి మంచు కాస్త కరిగి పల్చటి నీటి పొర వస్తుంది కాబట్టే స్లెడ్జి జారుతుంది, అంత చలిలో ఆ పొర రాదు, ఇసకలో బండి లాగినట్టే.

అదే మార్చిలో సింప్సన్ ఓడెక్కి వచ్చేశాడు, ఆఫీసులో మనుషులు చాలక రమ్మన్నారు. ఆ రీడింగులన్నీ ముందేసుకుని ఏళ్ళ తరబడి లెక్కలు కట్టాడు, ఆ రిపోర్టు 1919లో కలకత్తాలో అచ్చయింది. పదేళ్ళలో తొమ్మిదేళ్ళు అయితే వాళ్ళు బతికి వచ్చేవాళ్ళే, ఖర్మకొద్దీ పదో ఏడాది తగిలింది అన్నాడు. నాయకుడి మీద అభిమానంతో అన్నాడులే అనుకున్నవాళ్ళు ఉన్నారు. అయితే 1980ల నుంచి అదే దారిలో ఆటోమేటిక్ వెదర్ స్టేషన్లు పెట్టారు, వాటి 15 ఏళ్ళ రికార్డు తీసి సుసాన్ సాలమన్, చార్లెస్ స్టెర్న్స్ అనే వాతావరణ శాస్త్రవేత్తలు 1999లో చూస్తే అలాంటి మార్చి ఒక్కటంటే ఒక్కటే కనపడింది. స్కాట్ ప్లానింగ్‌లో తప్పులు లేవని కాదు, కానీ చలి విషయంలో పాపం అబద్ధం ఆడలేదు.

సింప్సన్ తర్వాత బ్రిటన్ మెట్ ఆఫీసుకి, అంటే వాళ్ళ వాతావరణ శాఖకి, 1920 నుంచి 1938 దాకా డైరెక్టర్‌గా చేశాడు. ఆ చివరి ఏడాదే కాలెండర్ అనే ఇంజనీరు, బొగ్గు కాల్చి మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్లే భూమి వేడెక్కుతోందని లెక్కలు తెచ్చి చూపిస్తే, ఇంతటి మనిషీ నమ్మలేదు, ఆ రెండూ కలిసి పెరగడం కాకతాళీయం అనేశాడు.