తొలగించిన మనిషి తర్వాత ఎక్కడికి వెళ్తాడు?

1974 మే నెలలో స్కాట్లాండ్‌లోని స్కౌట్ సంస్థ ఒక నాయకుణ్ణి తొలగించింది. శిబిరానికి తీసుకెళ్ళిన పిల్లలను గడ్డకట్టే చలిలో వ్యానులో పడుకోబెట్టాడని ఫిర్యాదులు వచ్చాయి. తర్వాత అతడు ఎంత ప్రయత్నించినా సంస్థ మళ్ళీ చేర్చుకోలేదు. చేయవలసిన పనే చేసింది.

అతడు మాత్రం సొంతంగా మగపిల్లల క్లబ్బులు పెట్టుకున్నాడు. వాటికోసం బడుల హాళ్ళనే అద్దెకు తీసుకున్నాడు. 1983లో స్థానిక ప్రభుత్వం ఒక హైస్కూలు హాలు ఇవ్వబోమంటే, మరుసటి ఏడాది అంబుడ్స్‌మన్ (ప్రభుత్వ సంస్థలపై ఫిర్యాదులు విచారించే అధికారి) ఆ ప్రభుత్వాన్నే తప్పుపట్టారు. అనుమానం చాలామందికి ఉంది, దానికి చట్టం అండ లేదు. 1996 మార్చి 13న ఆ వ్యక్తే స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ ప్రాథమిక పాఠశాలలోకి తుపాకులతో వెళ్ళి 16 మంది పసిపిల్లలను, వాళ్ళ ఉపాధ్యాయురాలిని చంపాడు.

ఆ ఘోరం తర్వాత బ్రిటన్‌లో వచ్చిన తుపాకుల నియంత్రణ చట్టాలు చాలామందికి గుర్తున్నాయి. విచారణ జరిపిన లార్డ్ కల్లెన్ పిల్లల క్లబ్బులకు జాతీయ స్థాయిలో గుర్తింపు విధానం ఉండాలని కూడా సిఫారసు చేశారు. నా దృష్టిలో అదీ అంతే ముఖ్యమైనది.

2002లో ఇంగ్లండ్‌లోని సోహమ్‌లో ఒక బడి కేర్‌టేకర్ ఇద్దరు పదేళ్ళ బాలికలను హత్య చేశాడు. అతనిపై అంతకుముందు మరో ప్రాంతంలో లైంగిక ఆరోపణలు వచ్చాయి, ఉద్యోగమిచ్చినవారికి ఆ సంగతి చేరలేదు. ఈ ఉదంతంపై విచారణ జరిపిన బిచర్డ్ 2004లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 2006లో అక్కడ చట్టం వచ్చింది. పిల్లలతో పనిచేయకూడనివారికి ఒక జాబితా, నిస్సహాయులైన పెద్దలతో పనిచేయకూడనివారికి మరొకటి ఏర్పడ్డాయి. జాబితాలో ఉన్నవారు అలాంటి పనికి జీతం లేకుండా వచ్చినా నేరమే. హాని చేసినందుకు ఒకరిని తొలగించిన సంస్థ ఆ సంగతి జాబితాలు నిర్వహించేవారికి తప్పనిసరిగా తెలియజేయాలి. స్కాట్లాండ్ 2011లో తనదైన పద్ధతి తెచ్చింది.

మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే ఫిర్యాదు చేయడం తప్పనిసరి. 2020 నిబంధనలు పిల్లల సంస్థల్లోని సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ ఉండాలన్నాయి. అయితే అవి ఉద్యోగుల గురించే మాట్లాడతాయి. వేసవి శిబిరానికి, ఆదివారం చదువులకు ఉచితంగా వచ్చేవారి ప్రస్తావన లేదు. వృద్ధాశ్రమాలు, పెద్దవయసు వికలాంగుల వసతి గృహాలు ఆ చట్టం పరిధిలోకే రావు. 2018లో మొదలైన లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్‌ను పోలీసులు చూడగలరు, స్వచ్ఛంద సంస్థలు చూడలేవు. నిబంధనలను సవరించేటప్పుడు స్వచ్ఛంద కార్యకర్తలను పేరుపెట్టి చేర్చాలి, సంస్థలు పోలీసుల ద్వారా వివరాలు అడిగి తెలుసుకునే వీలు కల్పించాలి.