కారణం రాసివ్వమని అడిగిన రెనే వోతియే

2025 మార్చిలో ఫ్రాన్స్ 5 చానల్ ఒక డాక్యుమెంటరీని ప్రసారానికి ముందే షెడ్యూల్ నుంచి తీసేసింది. ఫ్రాన్స్ పాలన నుంచి స్వాతంత్ర్యం కోసం అల్జీరియా చేసిన యుద్ధంలో గుహల్లో దాక్కున్న వాళ్ల మీద ఫ్రెంచ్ సైన్యం రసాయన ఆయుధాలు వాడిన సంగతి అందులో ఉంది. తాజా వార్తల వల్లే మార్చామంది చానల్. ఆన్‌లైన్‌లో మాత్రం పెట్టింది. ఇది సెన్సారేనన్న గొడవ ఆగలేదు.

అల్జీరియా, సెన్సార్ అన్న రెండు మాటలూ కలిస్తే ఫ్రెంచ్ సినిమా దర్శకుడు రెనే వోతియే దగ్గరికి వెళ్లక తప్పదు. కుర్రతనంలో నాజీల మీద రహస్య పోరాటం, ఆఫ్రికాలో ఫ్రెంచ్ వలస పాలనను ఎండగట్టే ‘ఆఫ్రిక్ 50’ సినిమా తీసి జైలుకెళ్లడం అందరూ రాసేవే. అల్జీరియా యుద్ధంలో తిరుగుబాటుదారుల వైపు నిలబడి షూటింగ్ చేస్తుంటే తూటాలు తగిలి, కెమెరా ముక్క ఒకటి తలలో దిగబడింది. అదే తిరుగుబాటుదారులు అనుమానంతో తర్వాత ఆయన్ని రెండేళ్లు జైల్లో పెట్టారు కూడా!

అసలు మలుపు 1973 జనవరి. అప్పటికి కొన్ని నెలల ముందే కాన్ చిత్రోత్సవంలో విమర్శకుల బహుమతి వచ్చింది. హాయిగా మరో సినిమా తీసుకోవచ్చు. ఆయన నిరాహార దీక్షకు కూర్చున్నారు, అదీ వేరేవాళ్ల సినిమా కోసం. 1961 అక్టోబర్ 17న పారిస్‌లో పోలీసులు అల్జీరియన్ల ఊరేగింపు మీద పడి చంపారు, శవాలు సేన్ నదిలో తేలాయి. దానిమీద జాక్ పానిజెల్ అనే శాస్త్రవేత్త తీసిన సినిమా కాపీలను పోలీసులు పట్టుకుపోయారు. పదేళ్ల తర్వాత వోతియే అనుమతి అడిగితే సెన్సార్ కమిషన్ కుదరదంది. ఎందుకో చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు కూడా, రూల్ అలా ఉంది.

ఆ ఒక్క సినిమాకు అనుమతి ఇచ్చేస్తే లేచే దీక్ష కాదది. రాజకీయ కారణాలతో సినిమా ఆపకూడదు, ఆపితే ఎందుకో రాసివ్వాలి అన్నారు. అలెన్ రెనే, క్లోద్ సోతే లాంటి పెద్ద దర్శకులు మద్దతుగా వచ్చారు. నెల రోజులకు ప్రభుత్వం దిగొచ్చింది. (పానిజెల్ సినిమా మామూలు థియేటర్లకు వచ్చేసరికి మాత్రం 2011 అయింది. ముందుమాట చేర్చనిదే విడుదల వద్దని ఆయనే పట్టుబట్టారు.)

ఆ తర్వాత అడ్డుకునే పద్ధతే మారిపోయింది. 1985లో ఫ్రాన్స్ తీవ్ర మితవాద నాయకుడు లె పెన్ ఒక పత్రిక మీద వేసిన పరువు నష్టం కేసులో, లె పెన్ చేతిలో చిత్రహింసలు పడ్డానన్న అల్జీరియన్ వాంగ్మూలాన్ని వోతియే కెమెరాతో రికార్డు చేసి కోర్టు ముందుంచారు. ఆ రోజుల్లోనే ఎవరో వోతియే దాచుకున్న ఫిల్మ్ రీళ్లను నరికి, ఇంధనం పోసి పాడుచేశారు. దానికి కమిషన్ సంతకం అక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో ఉన్నప్పుడు సెన్సార్ ఎలా అవుతుందని చానల్ తరఫువాళ్లు అడిగారు. రూల్ ప్రకారం వాళ్ల మాట నిజమే. వోతియే పస్తులుండి సాధించిన షరతు సినిమాల సెన్సార్ కమిషన్‌కే వర్తిస్తుంది, టీవీ షెడ్యూల్‌కు వర్తించదు.