గొర్రెల నట్టలు, మనుషుల కీళ్లు

ఉదయగిరి, కనిగిరి మెట్టల్లో వానలు పడి పచ్చిక లేచాక, అనుభవమున్న కాపరి జీవాన్ని పట్టుకొని కింది కనురెప్పను వేలితో లాగి చూస్తాడు. లోపలి పొర ఎర్రగా ఉంటే వదిలేస్తాడు. పాలిపోయి, దవడ కింద నీరు కూడా దిగి ఉంటే నట్టల మందు పోయిస్తాడు. గొర్రె కడుపులోని నాలుగో అరలో కాపురముండే హీమాంకస్ అనే నట్ట ఒక్కొక్కటి రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం తాగుతుంది. అంటే వెయ్యి నట్టలు చేరిన జీవం రోజూ 50 మిల్లీలీటర్లు పోగొట్టుకుంటుంది.

ఆ నట్టలకు వాడే లెవమిసోల్ ఒకప్పుడు మనుషుల కీళ్లవాతానికి కూడా మందయింది. 1960లలో బెల్జియంలో తయారైన ఈ మందు పురుగు కండరాలను బిగదీసి, కదలకుండా చేసి బయటికి పంపుతుంది. దీనికి మూలమైన మందును టీకాతో కలిపి ఎలుకలకు ఇస్తే టీకా బలం పెరిగిందని 1971లో తేలడంతో, రోగనిరోధక శక్తి గాడితప్పిన రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో దీన్ని ప్రయత్నించారు. కొందరికి నిజంగానే మేలు చేసింది. కాని మరికొందరిలో, ముఖ్యంగా హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యు లక్షణం ఉన్నవారిలో, తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవడంతో వైద్యులు ఈ దారిని వదులుకోక తప్పలేదు.

ఈ వరుసలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం స్టెరాయిడ్ల సంగతి. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కార్టిసోన్ ఇచ్చాక, మంచం దిగలేని కీళ్లవాత రోగి లేచి నడిచింది. 1950లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ జాతి మందులు నేడు పల్లెల్లో కూడా సులువుగా దొరుకుతాయి. వాటిని మింగేవారిలో వట్టి కాళ్లతో మాగాణి బురదలో నాట్లు వేసినవారూ ఉంటారు. మలంతో కలుషితమైన తడి నేలలోంచి చర్మాన్ని తొలుచుకొని లోపలికి వెళ్లే స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు రెండు మిల్లీమీటర్లే ఉంటుంది. అయితే తక్కిన నులిపురుగులకు భిన్నంగా, బయటి నేలతో పనిలేకుండా పేగులోనే తన సంతతిని మళ్లీ మళ్లీ పెంచుకోగలదు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రైలు మార్గంలో పనిచేసిన సైనిక ఖైదీల ఒంట్లో ఇది దశాబ్దాల తర్వాత కూడా బయటపడింది.

శరీరం దాన్ని అదుపులో పెట్టినంత కాలం లక్షణాలు పెద్దగా ఉండవు. అప్పుడప్పుడు దురద, కడుపు నొప్పి, అరుదుగా కీళ్ల వాపు. ఆ వాపు నొప్పి మాత్రలకు లొంగక పురుగు మందుకే తగ్గుతుంది. స్టెరాయిడ్ మొదలయ్యాక రోగనిరోధక శక్తి అణగి ఈ కాపలా సడలితే పిల్ల పురుగులు పేగు గోడ దాటి ఊపిరితిత్తులకూ మెదడుకూ పోతాయి, వెంట పేగులోని బ్యాక్టీరియాను రక్తంలోకి మోసుకుపోతాయి. చికిత్స అందకపోతే ఈ దశలో చాలామంది బతకరు.

కనుక మట్టిలో పనిచేసే మనిషికి ఎక్కువ కాలం స్టెరాయిడ్ రాసేముందు ఈ పురుగు కోసం వెతకడం వైద్యుడి బాధ్యతే అంటాను. ఒక్కసారి మలపరీక్షలో కనిపించలేదంటే లేనట్టు కాదు. రక్తపరీక్ష ఎక్కువ నమ్మదగినది. బడిపిల్లలకు ఇచ్చే ఆల్బెండజోల్ ఒక్క మాత్ర దీనికి చాలదు. పనిచేసేది ఐవర్‌మెక్టిన్, కిలో బరువుకు 200 మైక్రోగ్రాములు. ఇది కూడా 1981లో పశువుల మందుగానే బజారుకు వచ్చింది. అలాగని గొర్రెలకు తెచ్చిన సీసాలోది మనుషులు తాగకూడదు, దాని గాఢత వేరు. ఇప్పటికే స్టెరాయిడ్ వాడుతున్నవారు భయపడి ఒక్కసారిగా మానేయకూడదు. మందు వాడేటప్పుడు ఆగిన ఒంటి సొంత స్టెరాయిడ్ హార్మోన్ ఊట తిరిగి మొదలుకావడానికి సమయం పడుతుంది కాబట్టి, వైద్యుడి సలహాతో మెల్లగా తగ్గించుకోవాలి.