పాత బొమ్మకార్ల విడిభాగాలు: అపోహలు - వాస్తవాలు

నా బల్ల కింద ఒక బిస్కెట్ డబ్బా ఉంటుంది. అందులో టైర్లు లేని చక్రాలు, కార్లు లేని తలుపులు, తల తెగిన డ్రైవర్లు. డింకీ, కార్గీ, మ్యాచ్‌బాక్స్ వంటి బ్రిటిష్ కంపెనీల పాత డై-కాస్ట్ (కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చేసిన) బొమ్మకార్లు బాగుచేయడమే నా పని. వచ్చేవాళ్లు ఏ జబ్బో వాళ్లే తేల్చేసుకుని, మందు కోసం మాత్రమే నా దగ్గరికొస్తారు. "అన్నా, నాలుగు టైర్లు చూడు, మిగతాదంతా బాగానే ఉంది" అంటారు. బాగానే ఉందో లేదో టైర్లు వెతికే ముందే చూడాలి.

"కంపెనీయే పోయింది, ఇంక పార్టులెక్కడివి?"

కంపెనీలు పోయిన మాట నిజమే. లివర్‌పూల్ బిన్స్ రోడ్డులో డింకీ కార్లు పోసిన మెకానో ఫ్యాక్టరీకి 1979లో తాళం పడింది. మ్యాచ్‌బాక్స్ చేసిన లెస్నీ 1982లో, కార్గీ చేసిన మెట్టాయ్ 1983లో దివాలా తీశాయి. అయినా పార్టులు దొరుకుతాయి. టైర్లు, అద్దాలు, స్టీరింగులు, మనుషుల బొమ్మలు కొత్తగా చేసి అమ్మేవాళ్లు బ్రిటన్‌లో ఉన్నారు, చాలావరకు ఒకరిద్దరు నడుపుకునే చిన్న కొట్లు. మోడల్ నంబరు చెబితే తీసిస్తారు. చిక్కల్లా పోస్టు ఖర్చే, ఒక్కోసారి టైర్ల ధరను దాటేస్తుంది. అందుకే మేం ముగ్గురు నలుగురం కలిసి ఒకే పార్శిల్ తెప్పించుకుంటాం. అసలు పార్టే కావాలంటే మాత్రం అదే మోడల్ తుక్కు బండి ఇంకొకటి దొరకాలి. నేను గురువారం జుమ్మేరాత్ బజారుకి, ఆదివారం ఎర్రగడ్డ సంతకి వెళ్లేది దానికోసమే. పది వారాల్లో తొమ్మిది వారాలు ఉత్త చేతులతోనే వస్తాను.

"నంబరు తెలిస్తే చాలు"

డింకీకైతే చాలాసార్లు చాలు. మ్యాచ్‌బాక్స్‌కి చాలదు. 1953లో మొదలైన ఆ చిన్న కార్ల వరస 75 నంబర్ల దగ్గర ఆగింది. కొత్త బండి వస్తే పాతదాని నంబరు దానికిచ్చేవారు. ఐదో నంబరు లండన్ బస్సునే చూడండి. అదే నంబరు మీద ఒకదాని తర్వాత ఒకటి సైజు పెరుగుతూ వచ్చింది. చక్రాలు మొదట లోహానివి, తర్వాత బూడిదరంగు ప్లాస్టిక్‌వి, ఆ తర్వాత నల్లవి. "ఐదో నంబరు బస్సు చక్రాలు పంపండి" అని రాస్తే ఏవో ఒకటి వస్తాయి, మీ బస్సుకి ఎక్కవు. ఇరుసు మందం, చక్రం వ్యాసం వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే పనిముట్టు) కొలిచి రాయండి. టైరు విషయంలో మాత్రం పాత టైరుని కొలవొద్దు, అది ఎండి కుంచించుకుపోయి ఉంటుంది. అది కూర్చునే గాడిని కొలవాలి.

"గట్టిపడిన టైరుకి కొబ్బరినూనె రాస్తే మెత్తబడుతుంది"

ఇది ఎవరు మొదలుపెట్టారో కానీ ప్రతి ఇంట్లోనూ ఉంది. రాసిన రోజు నిగనిగలాడుతుంది. రబ్బరు గాలికి ఏళ్ల తరబడి ఆక్సీకరణం చెంది పెళుసెక్కుతుంది, నూనె దాన్ని వెనక్కి తిప్పదు. పైగా నూనెకి సహజ రబ్బరు ఉబ్బి వదులై, జిగురుకట్టి దుమ్ము పట్టుకుంటుంది. పగుళ్లొచ్చిన టైరు పోయినట్టే. కొత్తది బిగుతుగా ఉంటే వేడినీళ్లలో రెండు నిమిషాలు వేసి తీయండి, సాగి కూర్చుంటుంది. కుళాయి వాషర్ల కొట్లో దొరికే ఓ-రింగ్ పెట్టుకోవచ్చా అని అడుగుతారు. ఆడుకునే కారుకి పెట్టుకోండి. గుండ్రటి అంచుతో అది టైరులా కాక చేతి గాజులా కనిపిస్తుంది.

"విరిగిన ముక్కని వెల్డింగ్ షాపులో అతికిస్తారు"

చేతులు జోడించి చెబుతున్నాను, తీసుకెళ్లకండి. ఇది ఇనుము కాదు. జింకులో సుమారు నాలుగు శాతం అల్యూమినియం, మరికొంచెం ఇతర లోహాలు కలిపిన మిశ్రమం, 380 డిగ్రీల సెల్సియస్ దాటగానే కరిగిపోతుంది. ఇనుము కరగాలంటే 1500 పైన కావాలి. ఇనుము అలవాటైన చేతికి మంట తగ్గించడం గుర్తుండదు. ఒకసారి మా వీధి చివర షాపులో బంపరు అతికించమని ఇచ్చి, టీ తాగి వచ్చేసరికి ముందు భాగం మొత్తం బొట్టుగా కారి బల్లకి అంటుకుని ఉంది. అతనేం చేస్తాడు, తప్పు నాది. రెండు ముక్కల్లోనూ సన్నని రంధ్రం చేసి, తీగముక్క గుచ్చి ఆరాల్డైట్ జిగురు పెట్టడమే మార్గం. అద్దాలకి మాత్రం క్షణంలో పట్టే జిగురు వాడొద్దు. దాని ఆవిరికి ప్లాస్టిక్ మీద తెల్లటి మంచులా పడుతుంది.

"ఒళ్లంతా బీటలు, తుప్పు పట్టింది. పక్క కార్లకి అంటుకుంటుందేమో"

అది తుప్పు కాదు, అంటుకోదు. పోత పోసినప్పుడే జింకులో సీసం లాంటి మలినం కలిసిపోతే, తేమ తగిలే కొద్దీ లోహం రేణువుల సరిహద్దుల వెంట లోపలి నుంచే తింటూ వస్తుంది. దీన్నే జింకు తెగులు అంటాం. రెండో ప్రపంచయుద్ధానికి ముందు చేసిన డింకీల్లో ఇది ఎక్కువ. తెగులు పట్టిన లోహం ఉబ్బుతుంది కూడా. అప్పుడు సరైన కొలతతో తెప్పించిన ఇరుసు, బేస్ ప్లేటు (కారు అడుగున ఉండే పలక) ఏవీ పట్టవు. మందు లేదు. పొడిగా, వేడి మారని చోట పెట్టుకోవడమొక్కటే. ఆ కారుకి పార్టులు కొనడం డబ్బు పారేసుకోవడమే.

"కారు విప్పితే పాడవుతుంది, అమ్మినా ధర రాదు"

అద్దాలు, సీట్లు మార్చాలంటే విప్పక తప్పదు. అడుగున బేస్ ప్లేటుని పట్టి ఉంచేది బాడీకే ఉన్న కాడ, దాని తలని నొక్కి గొడుగులా విప్పారుస్తారు. కాడ కన్నా కాస్త లావు డ్రిల్ బిట్ పెట్టి చేత్తోనే తిప్పుతాను, మోటారు వాడను. ముందు నల్లటి పొర పోయి వెండిలా మెరిసే పొడి వస్తుంది. తర్వాత తల అంచున సన్నని ఉంగరం విడివడి బిట్‌తో పాటు తిరగడం మొదలవుతుంది. అక్కడే ఆపాలి. ఇంకో చుట్టు తిప్పితే కాడ కురచైపోతుంది. బేస్ ఊడాక కాడ నడిమధ్యన 1.6 మిల్లీమీటర్ల రంధ్రం, అందులో ఎం2 ట్యాప్ (రెండు మిల్లీమీటర్ల మరకి లోపల గాళ్లు కోసే పనిముట్టు), ఒక చుక్క నూనె. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. మర బిగిస్తే ఇంకోసారి డ్రిల్ అవసరం రాదు. మర తల కనిపిస్తే విప్పిన సంగతి తెలిసిపోతుందిగా అంటారు. తెలియాలి కూడా.

"కొత్త పార్టు, పాత పార్టు, ఎవరు కనిపెడతారు?"

కనిపెడతారు. 1965లో కార్గీ తెచ్చిన బంగారురంగు జేమ్స్ బాండ్ ఆస్టన్ మార్టిన్‌లో సీటు ఎగిరి దొంగ బయటపడతాడు. అలా ఎగిరెగిరి పిల్లల చేతుల్లోనే సగం దొంగలు మాయమయ్యారు కాబట్టి కొత్త దొంగలు బోలెడు చలామణిలో ఉన్నారు. అసలు పార్టు నుంచి అచ్చు తీసి పోసినది చల్లారేటప్పుడు ఒక పిసరు తగ్గుతుంది. తలుపైతే సందు కనిపిస్తుంది, బొమ్మైతే ముక్కు, వేళ్లు మొద్దుబారతాయి. తగరం, సీసం కలిపి పోసిన తెల్లలోహపు పార్టులు గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. (వాటిని రాపిడి పెట్టాక చేతులు కడుక్కోండి, పిల్లలకి ఇవ్వకండి.) కొత్త పార్టు పెట్టడం తప్పు కాదు. చెప్పకుండా అమ్మడం మోసం. బూడిదరంగు చక్రాలు మార్చి "అరుదైన రకం" అని అంటగట్టే సరుకు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

"అడుగున డింకీ అని లేకపోతే నకిలీ"

మనవాళ్లకి ఇది ముఖ్యం. 1960ల చివర్లో కొన్ని డింకీ అచ్చులు కలకత్తా చేరాయి. అక్కడ పోసిన కార్లు నిక్కీ టాయ్స్ పేరుతో మన కొట్లలోకి వచ్చాయి. అడుగున డింకీ పేరు చెరిపేసిన గుర్తులు కొన్నింటి మీద ఇప్పటికీ కనిపిస్తాయి. అచ్చు అదే కాబట్టి ఇంగ్లండ్ పార్టులు వీటికి చాలావరకు పడతాయి, మందంగా వేసిన రంగుని అంచున ఆకురాయితో కాస్త గీకాలి అంతే.

మొన్న ఒకాయన నిక్కీ ఇ-టైప్ జాగ్వార్ తెచ్చారు. వాళ్ల నాన్న కొనిచ్చినదట, పైన పెట్టే టాప్ పోయింది. బేస్ కూడా డింకీది వేసేయమని అడిగారు. టాప్ తెప్పించాను, బేస్ ముట్టుకోలేదు. పేరు చెరిపిన ఆ గరుకు మచ్చ మీద ఆయన చేతే వేలు పెట్టించాను. కాసేపు రాస్తూ కూర్చుని, "ఉండనీ అన్నా" అన్నారు.